స్కోరు చూసి జబ్బు పేరు పెట్టకండి

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. ఉద్యోగం మానేసి నాలుగు నెలలుగా గది దాటి రావడం లేదు. సైకాలజిస్టు ఎంఎంపీఐ-2 పరీక్ష రాయించారు. రిపోర్టులో ‘స్కిజోఫ్రేనియా 71, ఎఫ్ 78’ అని ఉంది. ఎఫ్ ఎక్కువుంటే నటిస్తున్నట్టేనని నాన్న తిడుతున్నారు. పిచ్చి పట్టిందని అమ్మ ఏడుస్తోంది. ఎవరిది నిజం?

జవాబు: ఇద్దరూ అంటున్నది ఆ రిపోర్టులో లేదు.

మనసు స్థితిని అంచనా వేసే ఈ పరీక్షలో 567 వాక్యాలుంటాయి. ఒక్కోటి తన విషయంలో నిజమో కాదో గుర్తు పెట్టాలి. వాక్యాలను స్కేళ్లనే గుంపులుగా చేసి, ఆ జవాబులను మామూలు జనం జవాబులతో పోల్చి ఒక్కో స్కేలుకూ స్కోరు వేస్తారు. సగటు 50. 65 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆరా తీయాలి. అంకె పని అంతవరకే, జబ్బు ఏమిటన్నది మనిషితో మాట్లాడి తేల్చాలి.

మీ అమ్మగారిని భయపెట్టింది ‘స్కిజోఫ్రేనియా’ అన్న 8వ స్కేలు పేరు. అది 1940ల్లో పెట్టిన పేరు. నిపుణులు చాలామంది ఇప్పుడు నంబరుతోనే పిలుస్తారు. అందులో వింత అనుభవాల గురించిన వాక్యాలు కొన్నే. నన్నెవరూ అర్థం చేసుకోరు, దేనిమీదా మనసు నిలవదు, ఏ పనీ మొదలుపెట్టలేను అనే రకం బాధలు కూడా దాన్ని పెంచేస్తాయి. నెలల తరబడి ఒంటరిగా కుమిలిపోయే కుర్రాడికి 71 రావాలంటే చెవిలో మాటలు వినిపించనక్కర్లేదు.

ఇక ఎఫ్. జనంలో బాగా అరుదుగా వచ్చే జవాబుల లెక్క అది. చదవకుండా గుర్తులు పెట్టేసినా, వాక్యాలు అర్థం కాకపోయినా, ఉన్నదానికంటే ఎక్కువ చెప్పినా, నిజంగానే తీవ్రంగా బాధపడుతున్నా పెరుగుతుంది. తేడా పట్టుకోవడానికి ముందు వ్రిన్ అనే స్కేలు చూస్తారు. జతలు జతలుగా ఉండే వాక్యాలకు పొంతన లేని జవాబులిచ్చాడా అన్నది అది చెబుతుంది. వ్రిన్ 80కి చేరితే రిపోర్టే చెల్లదు. తక్కువుంటే అతను తోచినట్టు గుర్తులు పెట్టేయలేదనే అర్థం. సాయం కోసం వచ్చినవాళ్లలో 78 ఎఫ్ తరచూ కనిపించేదే. దాన్ని పట్టుకుని నటన అనడం అన్యాయం.

తమ్ముడి ఒప్పుకోలుతో సైకాలజిస్టును మళ్లీ కలవండి. వ్రిన్ ఎంత, దిగులును కొలిచే 2వ స్కేలు ఎంత అని అడగండి. 8లో పెరిగింది ఏ భాగమో కూడా కనుక్కోండి: మనుషులకు దూరమైపోయానన్న భావమా, వింత అనుభవాలా? రెండోదైతే సైకియాట్రిస్టుకు చూపించడం ఆలస్యం చేయొద్దు.

నిజం రాబట్టాలని మాత్రం పరీక్ష మళ్లీ రాయించకండి. తిట్లకు భయపడి రాస్తే అన్నీ దాచేస్తాడు. స్కోర్లు తగ్గుతాయి, బాధ తగ్గదు. చచ్చిపోవాలనుందన్న మాట ఏ రూపంలో విన్నా అతన్ని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.