డేటా పోయిందో లేదో తర్వాత చూద్దాం, ముందు ప్రూన్ మాత్రం కొట్టకు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ కదా: ఫైనలియర్ ప్రాజెక్టుకి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ని డాకర్‌లో (ప్రోగ్రామ్‌లని కంటెయినర్ అనే విడి గదుల్లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టావు, నెలరోజులుగా ఎన్నిసార్లు ఆపి స్టార్ట్ చేసినా డేటా అలాగే ఉంది, నిన్న కంపోజ్ (ఒక ఫైల్ చూసి కంటెయినర్లని లేపే డాకర్ టూల్) డౌన్ కొట్టి మళ్ళీ అప్ కొట్టేసరికి ఒక్క టేబులూ లేదు, మరి ఇందులో ఏది పర్మనెంటో ఏది టెంపరరీయో ఎలా తెలుస్తుంది అని.

ముందు మంచి మాట. నీ డేటా చాలావరకు అక్కడే ఉండి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ (కంటెయినర్ తయారయ్యే అచ్చు) తన డేటా ఫోల్డర్‌కి వాల్యూమ్ (కంటెయినర్ బయట డిస్క్‌లో డేటా ఉండే చోటు) కావాలని తనే రాసుకుని వస్తుంది, నువ్వు కంపోజ్ ఫైల్లో పేరు పెట్టి ఇవ్వకపోతే డాకర్ తనే 64 అక్షరాల పిచ్చి పేరుతో ఒకటి తయారుచేస్తుంది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే అదే కంటెయినర్, అదే వాల్యూమ్, అందుకే నెలరోజులూ ఏమీ కాలేదు. డౌన్ అంటే ఆపడం కాదు, కంటెయినర్‌ని తీసెయ్యడం. వాల్యూమ్ మాత్రం పోదు, కానీ తర్వాత అప్ కొట్టినప్పుడు కొత్త కంటెయినర్‌కి ఇంకో కొత్త వాల్యూమ్ వస్తుంది, పాతది దిక్కులేకుండా డిస్క్‌లో ఓ మూల పడి ఉంటుంది. డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్ కొట్టు, పొడుగు పేర్లవి కనిపిస్తాయి, ఒక్కోదాన్నీ ఇన్‌స్పెక్ట్ చేస్తే ఎప్పుడు పుట్టిందో తేదీ ఉంటుంది, నెల కిందటిది నీది. డౌన్‌తో పాటు మైనస్ వి (వాల్యూమ్‌లనీ తీసెయ్ అని) కూడా కొట్టి ఉంటే మాత్రం పోయినట్టే, అక్కడ నేనేం చెప్పలేను. ఇంకోటి, స్పేస్ లేదని ఎవడో వాల్యూమ్ ప్రూన్ కొట్టమంటాడు, అస్సలు వినకు. డాకర్ 23 నుంచి ఆ కమాండ్ మామూలుగా కొడితే ఎవరూ వాడని, మనం పేరు పెట్టని వాల్యూమ్‌లనే ఏరి తీసేస్తుంది, అంటే సరిగ్గా నీదాన్నే.

ఇక అసలు ప్రశ్న. పర్మనెంట్, టెంపరరీ అని రెండు డబ్బాలు ఉంటాయనుకోవడమే తప్పు అని నా ఉద్దేశం, నేనూ అలాగే అనుకుని ఒకసారి బాగా దెబ్బ తిన్నాను. హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం, ఒక ప్రైవేట్ కాలేజీకి అడ్మిషన్ పోర్టల్ చేశాం, పిల్లలు ఫోటో అప్‌లోడ్ చేస్తారు, హాల్‌టికెట్ మీద అదే ప్రింట్ అవుతుంది. ఆ ఫోటోలు ఎక్కడ పెట్టాలో అప్పటికి తేల్చుకోలేదు, "ప్రస్తుతానికి" అని స్లాష్ టెంప్ (తాత్కాలిక ఫైల్స్ పెట్టుకునే చోటు) కింద ఒక ఫోల్డర్‌లో పడేశాను. సర్వర్ సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్. టెంప్ అంటే రీబూట్ అయితే పోతుంది, మనం రీబూట్ చెయ్యం కదా, మార్చేలోపు నడుస్తుంది అని ధీమా. టెస్టింగ్ ఎప్పుడూ రెండు మూడు రోజులు దాటలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

రెండు వారాలకి కాలేజీ క్లర్క్ గారు ఫోన్: "బాబూ, కొంతమంది పిల్లలకి ఫోటో బదులు తెల్ల డబ్బా వస్తోంది." కొంతమందికే. కొత్తగా అప్లై చేసినవాళ్ళకి బాగుంది, పాతవాళ్ళలో కొందరికి ఉంది, కొందరికి లేదు. సర్వర్ రీబూట్ కాలేదు, అప్‌టైమ్ చూస్తే నెలలు. నా కోడ్‌లో డిలీట్ అనే మాటే లేదు. మూడు రోజులు జుట్టు పీక్కున్నా. చివరికి తేలిందేంటంటే సిస్టమ్‌డీ టెంప్‌ఫైల్స్ అని ఒకటి రోజుకోసారి లేచి, 10 రోజులుగా ఎవరూ రాయని, చదవని, ముట్టుకోని ఫైల్స్‌ని స్లాష్ టెంప్‌లోంచి ఊడ్చేస్తుంది. చదివినా లెక్కే, అదీ తమాషా. నేను చెక్ చేద్దామని రోజూ ఓపెన్ చేసే ఆ నలుగురైదుగురి ఫోటోలు మాత్రం చెక్కుచెదర్లేదు, ఎందుకంటే నేను చూడటమే వాటి ఆయుష్షు పెంచుతోంది! పోయినవి పోయాయి, బ్యాకప్ లేదు, పిల్లలకి మళ్ళీ అప్‌లోడ్ చెయ్యమని మెసేజ్‌లు పంపాం, క్లర్క్ గారు చాలాకాలం నా ఫోన్ ఎత్తలేదు.

అప్పట్నుంచి దేన్ని చూసినా ఒకటే అడుగుతాను, ఇది ఏం జరిగితే పోతుంది? ప్రాసెస్ చస్తే పోతుందా, కంటెయినర్ తీసేస్తే పోతుందా, కరెంట్ పోతే పోతుందా, డిస్క్ కాలిపోతే పోతుందా, లేక ఊరికే పది రోజులు గడిస్తే పోతుందా. అమెజాన్ ఈసీ2లో (అద్దెకిచ్చే క్లౌడ్ మెషిన్లు) ఇన్‌స్టెన్స్ స్టోర్ అనే లోకల్ డిస్క్ తీసుకో, రీబూట్ చేస్తే డేటా ఉంటుంది, మెషిన్ స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే ఉండదు. ఇది పర్మనెంటా, టెంపరరీయా? మెమరీలో డేటా ఉంచే రెడిస్ అనే డేటాబేస్‌ని సెట్టింగ్స్ ముట్టుకోకుండా వాడితే అప్పుడప్పుడు స్నాప్‌షాట్ తీస్తుంది అంతే, రాతలు తక్కువున్న సర్వర్ క్రాష్ అయితే గంట కిందటి దాకా వెనక్కి పోవచ్చు. అంతెందుకు, నీ ప్రోగ్రామ్ ఫైల్లో రాసేసి సక్సెస్ అని ప్రింట్ చేసినా లైనక్స్ దాన్ని ముందు మెమరీలోనే ఉంచుకుంటుంది, డిస్క్‌కి చేరేసరికి ఓ 30 సెకన్లు పట్టొచ్చు, ఆలోపు కరెంట్ పోతే అది నీటిమీద రాతే. పోస్ట్‌గ్రెస్ కమిట్ అన్నాక నమ్మొచ్చు అనేది ఎందుకంటే మామూలు సెట్టింగ్స్‌లో మార్పుల లాగ్‌ని డిస్క్ దాకా తోసి, ఎఫ్‌సింక్ (డిస్క్‌లో పడింది అనే ఖరారు) అయ్యాకే నీకు ఓకే చెప్తుంది.

దీనికి రివర్స్ కూడా చూశాను. టెంప్ ఫీ అండర్‌స్కోర్ టూ అని ఒక టేబుల్, ఒక మధ్యాహ్నం లెక్క సరిపోవట్లేదని నేనే చేశా, తర్వాత ఎవరో నెలవారీ రిపోర్ట్‌ని దానికి తగిలించారు. నేను ఆ కంపెనీ వదిలేసి ఏళ్ళైంది, మొన్న పాత కొలీగ్ కలిస్తే "నీ టెంప్ టేబుల్ ఇంకా నడుస్తోంది రా, తీసెయ్యాలంటే భయమేస్తోంది" అన్నాడు. స్లాష్ టెంప్‌లో పెట్టిన ఫోటోలకి దక్కని భాగ్యం దీనికి దక్కింది.

సరే నీ పని. ఇప్పుడున్న కంటెయినర్ ఆపు. ఆ పాత వాల్యూమ్ ఒక్కదాన్ని అదే వెర్షన్ పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌కి తగిలించి విడిగా ఇంకో కంటెయినర్ లేపు, మెయిన్ వెర్షన్ నంబర్ మారితే స్టార్ట్ అవ్వదు. టేబుల్స్ కనిపించగానే ముందు పీజీ డంప్ (మొత్తం డేటాని ఒక ఫైల్‌గా తీసే కమాండ్) తో కాపీ తీసి డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టు, ఆ తర్వాతే కంపోజ్ ఫైల్ తెరిచి వాల్యూమ్‌కి ఒక పేరు పెట్టు. ఇమేజ్ 18 అయితే వాల్యూమ్ తగిలించాల్సిన ఫోల్డర్ మారింది, పాత వీడియోలు చూసి ఆ ఫోల్డర్ దారి చివర డేటా అని రాస్తే పని జరగదు, ఇమేజ్ పేజీలో ఉన్న దారే రాయి. ఏ వెర్షనో, వాల్యూమ్ ఎల్ఎస్‌లో ఏమొచ్చిందో కింద పెట్టు, రాత్రికి చూస్తా.