కాపలా చెట్టు ఎక్కబోయే మేనకోడలికి

చి. అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. క్లాసులు మొదలయ్యేలోపు ఫ్రెండ్స్‌తో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెంబర్టన్ వెళ్లి, అక్కడి గ్లాస్టర్ చెట్టుకి దిగ్గొట్టిన చువ్వల మీద కాళ్లు పెట్టి ఎక్కుతానని రాశావు. వెళ్లిరా. పెర్త్ నుంచి కారులో సుమారు నాలుగు గంటల దారి. అయితే బయల్దేరే ముందే పార్కు వాళ్లని అడిగి, ఎక్కనిస్తున్నారో లేదో కనుక్కో. చెట్టు పరీక్షలకీ రిపేర్లకీ మూసేస్తుంటారు. తెరిచి ఉన్నా వానలో, గాలిలో ఎక్కొద్దు. చువ్వలు తడిస్తే కాలు జారుతుంది.

ఎక్కేముందు ఒక్క సంగతి తెలుసుకో. అది సాహసాల కోసం తయారుచేసిన చెట్టు కాదు. అక్కడి కర్రి చెట్లు మన జామాయిల్ తోటల జాతివే, కానీ ఎనభై మీటర్లు దాటి పెరిగేవీ ఉన్నాయి. చుట్టూ అంత ఎత్తు అడవి ఉంటే, దాని పైనుంచి చూడటానికి సరిపడే కొండలు అక్కడ లేవు. అందుకే 1937 నుంచి 1952 లోపు గ్లాస్టర్‌తో సహా ఎనిమిది చెట్లనే కాపలా మంచెలుగా మార్చారు. మన పొలంలో మంచె పిట్టల కోసం, అక్కడిది పొగ కోసం. పొగ కనబడగానే అది ఏ దిక్కున ఉందో డిగ్రీల్లో కొలిచి ఆఫీసుకి ఫోన్ చేసేవారు. ఇంకో చెట్టు మీదున్న మనిషి కూడా తన లెక్క చెప్తే, మ్యాపు మీద ఆ రెండు గీతలు కలిసిన చోట మంట ఉన్నట్టు. 1970ల్లో ఆ పని చిన్న విమానాలకి వెళ్లింది.

గ్లాస్టర్ చెట్టు పనికొస్తుందో లేదో చూడటానికి జాక్ వాట్సన్ అనే ఫారెస్టర్ బూట్లూ నడుం బెల్టుతో 58 మీటర్లు ఎక్కి దిగాడు. ఆరు గంటలు పట్టింది. అప్పటికి చువ్వల్లేవు, కొమ్మలు అడ్డం. ఆ మనిషంటే నాకు చాలా గౌరవం. తర్వాత జార్జ్ రేనాల్డ్స్ కొమ్మలు నరికి చువ్వలు దిగ్గొట్టాడు. 1947లో పైన చెక్క గది కట్టారు. ఇప్పుడున్నది 1973లో దాని స్థానంలో వచ్చిన లోహపు గది.

ఇప్పుడు చెట్టు చుట్టూ మెలికలుగా 153 చువ్వలుంటాయి. నీకు తాడుండదు, బెల్టుండదు. రెండు చేతులూ రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ చువ్వల మీదే ఉండాలి. జారని బూట్లు వేసుకో, చున్నీ వద్దు, జడ గట్టిగా ముడి వేసుకో. ఫోన్ జిప్పున్న జేబులో పెట్టు, మధ్యలో తియ్యకు. చేతులు వణికితే ఆగి ఊపిరి పీల్చుకో. వెనకాలవాళ్లు ఆగుతారు. ఎదురొచ్చేవాళ్లకి దారివ్వాల్సి వస్తే చెట్టుకి దగ్గరగా జరుగు.

ఎక్కడం కంటే దిగడమే కష్టం. చెట్టు వైపే మొహం పెట్టి, కాలితో చువ్వ తడిమి, అది అందాకే బరువు మోపాలి. అందుకని పైన కాసేపు కూర్చుని, కాళ్లలో పట్టు వచ్చాకే మొదలుపెట్టు. సగంలో భయమేస్తే అక్కడి నుంచే దిగిపో. మీలో ఇంకెవరైనా దిగిపోతానంటే ఎగతాళి చెయ్యనివ్వకు. దిగినవాళ్లకి తోడుగా ఒక్కరు కింద ఉన్నా మంచిదే.

పైన ఉన్నప్పుడు ఫోటోల కంటే ముందు నాలుగు దిక్కులా నెమ్మదిగా చూడు. కాపలావాళ్లు రోజంతా చేసిన పని అదే. ఎక్కడైనా పొగ కనబడితే అక్కడి అత్యవసర నంబరు ట్రిపుల్ జీరో (000)కి ఫోన్ చెయ్యి. ఎండాకాలంలో వెళ్తే ఆ ఉదయం మంటల హెచ్చరికలు చూసుకుని గానీ కారెక్కకండి.

మీ మామయ్య