ర్యాంపు ఎక్కనిది ఇంజను బలం చాలకా?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంటు ర్యాంపు బాగా ఏటవాలు. వాన పడితే మా హ్యాచ్‌బ్యాక్ ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. పక్కింటివాళ్ల ఇన్నోవా క్రిస్టా ఎక్కేస్తోంది. మా ఇంజనులో బలం లేదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చక్రం గిర్రున తిరిగిందంటే బలం ఉందన్నమాటే. లేనిది నేల మీద పట్టు. మీ కారులో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది. గేర్‌బాక్సూ, బలాన్ని రెండు చక్రాలకూ పంచి మలుపుల్లో వాటిని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియలూ దానికే అతుక్కుని ఉంటాయి, అక్కణ్నుంచి రెండు యాక్సిల్ షాఫ్టులు ముందు చక్రాలకు వెళ్తాయి. క్రిస్టాలో ఇంజను పొడవునా ఉంటుంది. బండి కిందుగా ప్రొపెల్లర్ షాఫ్టు వెనక ఇరుసు దాకా వెళ్లి వెనక చక్రాలను తిప్పుతుంది.

చదును రోడ్డు మీద, డ్రైవరు ఒక్కరే ఉంటే, మీలాంటి కారు బరువులో సుమారు 60 శాతం ముందు చక్రాల మీదే. మామూలు వానలో అది మీకు మేలే. ర్యాంపు ఎక్కేటప్పుడు మాత్రం ఆ బరువు కొంత వెనక్కి జరుగుతుంది. వెనక సీట్లో ముగ్గురూ, డిక్కీ నిండా సంక్రాంతికి ఊరెళ్లే సామానూ ఉంటే ఇంకా జరుగుతుంది. అదే లోడు క్రిస్టాకు పట్టు పెంచుతుంది. ఖాళీగా ఉన్న క్రిస్టా కూడా నాచు పట్టిన సిమెంటు మీద జారగలదు, అది మరవద్దు.

ఇంకో చిక్కు డిఫరెన్షియల్‌ది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఒకే టార్కు (తిప్పే బలం) ఇస్తుంది. ఒక చక్రం నూనె మరక మీద తేలిగ్గా తిరిగిపోతుంటే, రెండోదానికీ ఆ కొంచెమే అందుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండైతే తిరిగిపోయే చక్రానికి బ్రేకు వేసి కొంత సర్దుతుంది.

కింద చదునులోనే ఆగి, పైన దారి ఖాళీ అయ్యాక బయల్దేరండి. ఫస్ట్ గేరులో, స్టీరింగు నేరుగా పెట్టి, యాక్సిలరేటర్ ఒకే తీరుగా తొక్కండి. చక్రం తిరిగిపోతే ఇంకా తొక్కడం కాదు, కాస్త వదలాలి. వెనక కూర్చున్నవాళ్లను దింపండి. అప్పటికీ ఎక్కకపోతే రివర్సులో ఎక్కించండి. ముందు చక్రాలు పల్లం వైపు ఉంటాయి కాబట్టి బరువు వాటి మీదికే వస్తుంది. వెనక చూసి చెప్పే మనిషి లేకుండా మాత్రం ఈ పని వద్దు. టైరు గాడి లోతు 1.6 మి.మీ.కు తగ్గితే చట్టప్రకారం మార్చాల్సిందే. వానకైతే 3 మి.మీ. దగ్గరే మార్చమంటాం.

ప్రశ్న: స్టీరింగు పూర్తిగా తిప్పి పోతుంటే ముందు చక్రం దగ్గర కటకటమంటోంది. యాక్సిల్ మొత్తం మార్చాలంటున్నారు.
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: బయటివైపు సీవీ జాయింటు (చక్రం పక్కకు మళ్లినా షాఫ్టు దాన్ని తిప్పగలిగేలా చేసే కీలు) అరిగినప్పుడు వచ్చే శబ్దమే ఇది. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చి వేసి చక్రం వెనక చూడండి. మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూటు చిరిగి, రిమ్ము లోపలివైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే ఖాయం. గ్రీజు పోయి, దాని చోటులోకి ఇసుక చేరి లోపలి బంతులను అరగదీసింది. శబ్దం రాకముందే చూసుంటే బూటు, క్లాంపులు, గ్రీజుతో పోయేది. ఇప్పుడు కొత్త గ్రీజు పెట్టినా అరిగిపోయింది తిరిగి రాదు. కొన్ని బండ్లకు బయటి జాయింటు ఒక్కటే దొరుకుతుంది, ముందు అది అడగండి. షాఫ్టు బయటికి తీస్తే గేర్ ఆయిల్ కారుతుంది. బిగించాక లెవెలు చూపించమనండి, హబ్ నట్టు కొత్తది వేయించండి.

ప్రశ్న: ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాను. నంది హిల్స్ మలుపుల్లో 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే మోడ్‌లో) పెట్టుకుంటే మంచిదేనా?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: పొడి తారు మీద వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేని పార్ట్‌టైమ్ (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ పెట్టుకునే) బండిలో ఆ తేడా పోవడానికి దారి లేక షాఫ్టులు మెలిపడతాయి. స్టీరింగు బిగుసుకుంటుంది, టైర్లు గీసుకుపోతాయి, లీవరు 2హెచ్‌కు (రెండు చక్రాల మోడ్‌కు) రాదు. బురదలో, ఇసుకలో చక్రం కాస్త జారి ఆ మెలి విడిపోతుంది కాబట్టి అక్కడ వాడండి. లీవరు ఇరుక్కుంటే లాగి విరగ్గొట్టకండి. స్టీరింగు నేరుగా పెట్టి నాలుగైదు మీటర్లు రివర్సు వెళ్తే వదులుతుంది.