ప్రదర్శనకు వెళ్లే ఒంగోలు కోడెదూడ: మేని నిగారింపు ఎలా?

ప్రశ్న: నా దగ్గర పది నెలల ఒంగోలు కోడెదూడ ఉంది. శివరాత్రి తిరునాళ్లలో జరిగే పశు ప్రదర్శనకు తీసుకెళ్లాలని ఉంది. రెండు నెలల గడువుంది. మేత బాగానే తింటోంది కానీ ఒంటి మీద నిగారింపు లేదు, వెంట్రుక బిరుసుగా ఉంది. వెనక కాళ్ల మీద పసుపు మరకలు పోవడం లేదు. తోక కుచ్చు నలుపు తగ్గి గోధుమ రంగుకు తిరిగింది. కంటి పక్కన, మెడ మీద రూపాయి బిళ్లంత బూడిద రంగు పొక్కులు కట్టాయి. రోజూ సబ్బు పొడితో కడిగి, నూనె రాసి, చివరి నీళ్లలో బట్టల నీలం కలపమని కొందరు చెబుతున్నారు. మిషనుతో వెంట్రుకలు కత్తిరించే వీడియోలు కూడా ఫోనులో చూశాను. ఏం చేయమంటారు?
– ఒక రైతు, అద్దంకి

జవాబు: ముందు ఆ పొక్కుల సంగతి చూడండి, అందం తర్వాత. మీరు చెప్పిన తీరును బట్టి అది తామర కావచ్చు. శిలీంధ్రం వల్ల వస్తుంది, ఏడాది లోపు దూడల్లో ఎక్కువ. మనుషులకూ అంటుకుంటుంది కాబట్టి పిల్లలను దూడను నిమరనివ్వకండి, మీరు చేతికి తొడుగు వేసుకోండి. పొక్కును సబ్బు నీళ్లతో నానబెట్టి, మెత్తబడ్డాక తీసి కాల్చేయండి. మెడ మీది మచ్చలకు టింక్చర్ అయోడిన్ రోజూ రాయవచ్చు. కంటి దగ్గర అయోడిన్ వద్దు, అక్కడికి పశువైద్యుడు ఇచ్చిన పూతమందే వాడాలి. ఈ దూడను రుద్దిన బ్రష్షు, కట్టిన పలుపు మరో పశువుకు వాడకండి. గుంజకు, గోడకు అంటిన శిలీంధ్రం నెలల తరబడి బతికే ఉంటుంది కాబట్టి పాకకు సున్నం వేయండి. మచ్చలు పూర్తిగా మానకపోతే ఈ శివరాత్రికి ప్రదర్శన మానుకోవడమే మంచిది. అక్కడికి వచ్చే పదిమంది దూడలకు జబ్బు అంటించి రావడం న్యాయం కాదు.

ఇక తోక కుచ్చు. ఒంగోలు జాతికి తోక కుచ్చు, ముట్టె, కంటి చుట్టూ వలయం, గిట్టలు నల్లగా ఉండాలి. నల్ల వెంట్రుక గోధుమ రంగుకు తిరిగి, ఒళ్లు బిరుసెక్కిందంటే రాగి లోపాన్ని అనుమానించాలి. కడుపులో నట్టలు (ఏలిక పాములు) ఉన్నా తిన్నది ఒంటబట్టక ఇలాగే ఉంటుంది. పేడ నమూనాను దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించి, దూడ బరువుకు తగిన మోతాదులో నట్టల మందు తాగించండి. మెడ మీద, చెవుల వెనక వెంట్రుకలు విడదీసి పేలు, పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 20 నుంచి 25 గ్రాములు దాణాలో కలపండి. రాగి తక్కువైందన్నాను కదా అని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొనుక్కొచ్చి తినిపించకండి. మోతాదు మించితే అది విషం. ఈ లోపాన్ని ఈ రోజు సరిదిద్దినా పాత వెంట్రుక రంగు మారదు, కొత్తది మొలిచాకే తేడా కనిపిస్తుంది. మీకున్న రెండు నెలలు అందుకు సరిగ్గా సరిపోవచ్చు.

వెంట్రుక నిగనిగలాడేది చర్మంలోని గ్రంథుల నుంచి ఊరే సహజమైన జిడ్డు వల్ల. సబ్బు పొడి మురికితో పాటు దాన్నీ ఊడ్చేస్తుంది. అప్పుడు ఒళ్లు పొడిబారి పొట్టు రేగుతుంది, దాన్ని కప్పడానికి నూనె రాస్తారు, నూనెకు దుమ్ము పట్టి తెలుపు కాస్తా మాసిన పసుపవుతుంది, మళ్లీ కడుగుతారు. చాలామంది ఈ చక్రంలోనే తిరుగుతుంటారు. దూడకు స్నానం పది, పన్నెండు రోజులకోసారి కుంకుడు రసంతో చాలు. ఈ చలికాలంలో ఎండ కాస్త ముదిరాకే కడగండి. చెవుల్లోకి నీళ్లు పోనివ్వకండి. గంగడోలు మడతల్లో, తొడల సందుల్లో పొడి గుడ్డతో తుడవడం మరవకండి. అక్కడ తడి నిలిస్తే చర్మం ఒరిసి పుండ్లు పడతాయి.

అసలు పని బ్రష్షుది. రోజూ ఉదయం పావుగంట, దూడ మేత తింటున్నప్పుడు, ముందు కొబ్బరి పీచుతో గుండ్రంగా రుద్ది దుమ్మును, ఊడిన వెంట్రుకలను లేపండి. తర్వాత మెత్తని బ్రష్షుతో వెంట్రుక వాలు వెంట దువ్వి, చివర తడి పిండిన గుడ్డతో తుడవండి. పొక్కులున్న చోటును మాత్రం మానేదాకా తాకవద్దు. ఇలా రోజూ చేయి పడితే దూడ మచ్చికవుతుంది, బరిలో బెదరదు.

వెనక కాళ్ల పసుపు మరకలకు మందు పాకలోనే ఉంది. మూత్రం, పేడ కలిసిన తడిలో పడుకోవడం వల్ల వచ్చే మరక అది. నేలకు వాలు ఇచ్చి, రాత్రి పూట పొడి వరిగడ్డి పరిచి, తెల్లారి తీసేయండి. కొత్త మరకను ఆ పూటే మామూలు నీళ్లతో కడిగితే పోతుంది. పాతదానికి కుంకుడు రసం పట్టించి కాసేపు ఆగి కడగండి.

నీలం వద్దే వద్దు. చారలు పడుతుంది, దూడ ఒళ్లు నాకి దాన్ని మింగుతుంది. పైగా వయసొచ్చిన ఒంగోలు గిత్తకు తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద ఛాయ ఉండటం జాతి లక్షణం. మీ దూడకు ఆ ఛాయ ఇప్పుడే తొంగి చూస్తుంటే సంతోషించండి, తెల్లబరచబోకండి. జాతి తెలిసిన న్యాయనిర్ణేత రంగు పూసిన దూడను చూసి నవ్వుకుంటాడు. మిషను కూడా వద్దు. ఆ వీడియోల్లోవి చలిదేశాల పొడవాటి బొచ్చు పశువులు. మన దూడ వెంట్రుక పుట్టుకతోనే పొట్టి. అది ఎండను తిప్పికొడుతుంది, కింద నల్లని చర్మం కాపు కాస్తుంది. గొరిగితే ఎగుడుదిగుడుగా మొలిచి ప్రదర్శన నాటికి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

దాణాలో ఉడికించిన ఉలవలు ఇవ్వండి. అవిసె చెక్క రోజుకు 100 గ్రాములు కలిపితే వెంట్రుకకు మెరుపు వస్తుంది. పచ్చిమేత తగ్గించి దాణా దట్టిస్తే కొవ్వు పడుతుంది, నడక చెడుతుంది. ఈ వయసు దూడ పాల పళ్ల విభాగంలోకి వస్తుంది. అక్కడ చూసేది పొడవు, కాళ్ల నిలువు, నడక తీరు.

గిట్టలు సరిచేయించాలంటే నెల ముందే చేయించండి, ముందు రోజు కోస్తే కుంటుతుంది. ముకుతాడు ఇంకా వేయకపోతే ప్రదర్శన కోసం తొందరపడవద్దు, తలకట్టుతోనే నడిపించడం నేర్పండి. డప్పులు, మైకు శబ్దం కూడా అలవాటు చేయండి. గాలికుంటు టీకా బాకీ ఉంటే కనీసం మూడు వారాల ముందు వేయించాలి. ప్రదర్శన రోజు నూనె కావాలంటే గిట్టలకు, కొమ్ము మొలకలకు పలుచగా రాయండి, అంతే. బకెట్టు, బ్రష్షు ఇంటి నుంచే తీసుకెళ్లండి. తిరిగి వచ్చాక రెండు వారాలు మంద నుంచి వేరుగా కట్టి, పిడుదులు పట్టాయేమో రోజూ వెతకండి.