అనిశ్చితత్వం ఎలక్ట్రాన్‌దా, మనదా?

ప్రశ్న: ఎలక్ట్రాన్ స్థానాన్ని, ద్రవ్యవేగాన్ని (ద్రవ్యరాశి, వేగాల లబ్ధాన్ని) ఒకేసారి కచ్చితంగా చెప్పలేమని ఇంటర్ రసాయనశాస్త్రంలో హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమం కింద చదివాను. పరికరాలు ఇంకా మెరుగుపడితే ఈ లోపం తీరుతుందా?
– ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: తీరదు, ఎందుకంటే అది లోపం కాదు. మీకు అలా తోచడానికి చాలావరకు ‘అనిశ్చితత్వం’ అన్న మాటే కారణమని నా అభిప్రాయం. ‘రేపటి వాన సంగతి అనిశ్చితం’ అన్నప్పుడు, పడటమో పడకపోవడమో ఏదో ఒకటి జరిగే తీరుతుంది, మనకే ఇంకా తెలియదు. ఆ అర్థంతోనే నియమాన్ని చదివితే, ఎలక్ట్రాన్‌కు ఒక చోటూ ఒక వేగమూ ముందే ఉన్నాయనీ, వాటిని పట్టుకోవడం మనకు చేతకావడం లేదనీ అనిపించక మానదు.

జర్మన్ భౌతికశాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ ఈ నియమం గురించిన తన వ్యాసాన్ని 1927లో జర్మన్‌లో రాశారు. అందులో ఆయన ఎక్కువగా వాడినవి ‘కచ్చితత్వం లేకపోవడం’, ‘నిర్ధారితం కాకపోవడం’ అనే అర్థాలున్న పదాలు. ‘నిశ్చయంగా తెలియకపోవడం’ అనదగిన పదం చివర చేర్చిన గమనికలోనే కనిపిస్తుంది. ఆయన చికాగో ఉపన్యాసాలు 1930లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చినప్పుడు ‘అన్‌సర్టెనిటీ’ అన్న మాట వాడారు, ఇంగ్లీషులో అదే స్థిరపడింది. మన ‘అనిశ్చితత్వం’ దానికి అనువాదమే. జర్మన్లు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ‘ఉన్‌షేర్ఫె’ అంటారు. ఫొటోలో అంచులు తేటగా లేకుండా అలుక్కుపోతే వాళ్లు వాడే మాట అది. అలాగని తప్పంతా అనువాదకుల మీదకు నెట్టడం న్యాయం కాదు. చూడటానికి ప్రయోగించిన గామా కిరణమే ఎలక్ట్రాన్‌ను నెట్టేస్తుందన్న సూక్ష్మదర్శిని ఉదాహరణ హైసెన్‌బర్గ్ ఇచ్చిందే, అది కూడా చదివేవారి మనసును కొలత వైపే లాగుతుంది.

నన్నడిగితే సంగీతం ఇంతకన్నా మంచి దారి. తంబురా తీగ మీటి కొన్ని క్షణాలు మోగనిస్తే శ్రుతి ఏదో తేలిగ్గా చెప్పవచ్చు, కానీ ఆ నాదం ఏ క్షణానిది అంటే జవాబు లేదు. చప్పట్ల సంగతి దీనికి తలకిందులు: ఏ క్షణంలో మోగిందో స్పష్టమే, శ్రుతి అడిగితే చెప్పలేం. అది మన చెవి లోపం కాదు, అంత పొట్టి శబ్దంలో అనేక పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి. ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉంది, దాని ద్రవ్యవేగం తరంగదైర్ఘ్యంతో ముడిపడి ఉంది. ఇరుకు చోటులో ఇమిడిన తరంగానికి ఒకే తరంగదైర్ఘ్యం ఉండదు కాబట్టి ఒకే ద్రవ్యవేగమూ ఉండదు. పరమాణువంత చోటులో, అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతులో, ఎలక్ట్రాన్‌ను కుదిస్తే దాని వేగంలో వ్యాప్తి సెకనుకు కనీసం సుమారు 580 కిలోమీటర్లు ఉంటుంది.

క్వాంటం శాస్త్రంలో తరచూ వినిపించే ‘పరిశీలకుడు’ అన్న పదంతోనూ ఇదే చిక్కు. ఆ మాట వినగానే కళ్లున్న మనిషి తోస్తాడు, కానీ ప్రయోగశాలలో పరిశీలించే పని చేసేది చాలాసార్లు ఒక డిటెక్టరే.

‘అనిశ్చితత్వం’ బదులు ‘అనిర్దిష్టత’ అని ఉంటే ఇంత అయోమయం ఉండేది కాదేమో. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయండి.