టెక్ సందేహాలు: మన కళాకారుల పేజీలు వికీపీడియాలో నిలవాలంటే

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. మా ప్రాంతపు చిత్రకారిణి మీద తెలుగు వికీపీడియాలో రెండుసార్లు పేజీ పెట్టాను. రెండుసార్లూ తీసేశారు. ఆవిడకు అంత స్థాయి లేదనా?
– మద్దిలపాలెం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: కాదమ్మా. వికీలో ప్రాముఖ్యత అంటే బొమ్మ ఎంత బాగుందన్న లెక్క కాదు. ఆవిడతో సంబంధం లేనివాళ్లు నమ్మదగిన చోట ఆవిడ గురించి వివరంగా రాశారా, లేదా? చూసేది అదే. మీరు పంపిన ప్రతిలో ఐదు మూలాలున్నాయి: ఆవిడ ఫేస్‌బుక్ పేజీ, గ్యాలరీ వాళ్ల బ్రోచర్, ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూ, ‘ఫలానా రోజు ప్రదర్శన ప్రారంభం’ అన్న మూడు లైన్ల వార్తలు రెండు. మొదటి మూడూ ఆవిడో, ఆవిడ తరఫువాళ్లో చెప్పినవి. చివరి రెండింట్లో విషయమే లేదు. అంటే ప్రాముఖ్యత లెక్కకు వచ్చేది ఒక్కటీ లేదు.

ఇలాంటి పేజీలకు కీబోర్డు కంటే ముందు గ్రంథాలయం కావాలి. పేపర్ల జిల్లా ఎడిషన్లలో వచ్చిన కథనాలు చాలావరకు గూగుల్‌కు దొరకవు. మన ఆడవాళ్ల గురించి, పల్లె కళాకారుల గురించి రాసినవి ఎక్కువగా ఉండేది ఆ పేజీల్లోనే. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో పాత పేపర్ల ఫైళ్లు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో ముందు అడగండి. ఆవిడ దగ్గరున్న కటింగులు చూస్తే తేదీలు తెలుస్తాయి కాబట్టి వెతుకులాట తగ్గుతుంది. కేంద్ర లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనల కేటలాగుల్లో పేరుందేమో, ఏదైనా మ్యూజియం ఆవిడ చిత్రాన్ని శాశ్వత సేకరణలోకి తీసుకుందేమో కూడా చూడండి. కనీసం రెండు మూడు పెద్ద కథనాలు చేతికొచ్చాకే రాయడం మొదలుపెట్టండి.

మూలానికి లింకు ఉండి తీరాలన్న రూలేమీ లేదు. పేపరు పేరు, శీర్షిక, రాసినవారి పేరు, తేదీ, ‘విశాఖ జిల్లా ఎడిషన్’ అన్న మాట, పేజీ నంబరు ఇస్తే చాలు. ఎడిషన్ రాయకపోతే మరొకరు హైదరాబాద్ ఎడిషన్ తిరగేసి ‘ఇక్కడ లేదు’ అంటారు. లింకు ఉంటే మాత్రం అదే రోజు, వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయండి. ఈ-పేపర్ లింకులు ఎన్నాళ్లుంటాయో చెప్పలేం.

ఇక భాష. ‘ఆమె కుంచె నుంచి జాలువారిన ప్రతి చిత్రమూ ఒక అద్భుతం’ అన్న వాక్యం ఒక్కటి చాలు, ప్రచారమని పేజీకి ముద్ర పడటానికి. దాని బదులు ‘జాలరిపేట స్త్రీల జీవితాన్ని ఎక్కువగా నీటిరంగుల్లో చిత్రించింది’ అని రాసి, ఆ మాట అన్న కథనాన్ని పక్కనే మూలంగా పెట్టండి. పేపర్లో వాక్యాలను ఉన్నవున్నట్టు దించకండి, కాపీహక్కు కింద పేజీ వెంటనే పోతుంది.

మూడోసారి నేరుగా పేజీ పెట్టొద్దు. అదే శీర్షిక మళ్లీ మళ్లీ వస్తే నిర్వాహకులు దానికి తాళం వేయొచ్చు. మీ ప్రయోగశాలలో (మీ ఖాతాకు ఉండే చిత్తు పేజీ) రాసి, తొలగించిన నిర్వాహకుడి చర్చాపేజీలో కొత్త మూలాల జాబితా పెట్టి ‘ఇవి సరిపోతాయా?’ అని అడగండి. పేజీ నిలిచాక ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా, పెళ్లికి ముందు పేరుతో దారిమార్పులు (ఆ పేరుతో వెతికినా ఇదే పేజీకి చేర్చేవి) చేయండి. చిత్రకారిణుల విషయంలో ఇది మరీ ముఖ్యం. పాత కేటలాగులో ఒక పేరు, కొత్త వార్తలో ఇంకో పేరు ఉండి ఇద్దరు మనుషులనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో తీసిన విగ్రహం ఫొటోను వికీపీడియా బొమ్మల భాండాగారమైన కామన్స్‌లో ఉంచారు. గోడ మీది పెయింటింగ్ ఫొటో తొలగించారు. రెండూ నేను తీసినవే కదా?
– పెదవాల్తేరు పాఠకుడు

జవాబు: ఫొటో మీదే, బొమ్మ మీది కాదు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి మినహాయింపు ఇస్తోంది. పెయింటింగుకు ఆ మినహాయింపు వర్తించదు. దాని మీద హక్కు చిత్రకారుడు బతికి ఉన్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది.

చిత్రకారుడు ఒప్పుకుంటే, ఏ ఫైలు, ఏ లైసెన్సు (సాధారణంగా సీసీ బై-ఎస్ఏ 4.0) అన్నది స్పష్టంగా రాసి, ఆయనే తన మెయిల్ నుంచి కామన్స్ అనుమతుల విభాగానికి పంపాలి. మీకు వాట్సాప్‌లో ‘సరే’ అంటే చెల్లదు. ‘వికీపీడియాకు మాత్రమే’, ‘వ్యాపారానికి వాడకూడదు’ అన్న షరతులనూ అంగీకరించరు. ఆ లైసెన్సు ఇస్తే పేరు పేర్కొని ఎవరైనా ఆ బొమ్మను క్యాలెండర్ మీద అచ్చేసి అమ్ముకోవచ్చు, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఈ సంగతి దాచిపెట్టి సంతకం తీసుకోవడం అన్యాయం. బొమ్మలు అమ్ముకుని బతికే మనిషి కదా! బొమ్మ బదులు ఆ చిత్రకారుడి ఫొటోనే మీరు తీసి పెడితే ఈ చిక్కే లేదు.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో పదిహేను మందిమి, కలిసి వికీ పేజీలు రాసే ఎడిటథాన్‌కు కూర్చున్నాం. ఆరుగురికి ఖాతాలు వచ్చాయి, తర్వాత ఎర్రర్.
– గాజువాక

జవాబు: ఒకే ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) నుంచి రోజుకు ఆరు ఖాతాలే తెరవనిస్తారు. ల్యాబ్ మొత్తం బయటికి ఒకే ఐపీగా కనిపిస్తుంది. అందరూ ముందురోజే ఇంటి దగ్గర ఖాతా తెరుచుకుని రావాలి. అప్పటికప్పుడైతే మిగతావాళ్లు ఫోన్ డేటా మీద ప్రయత్నించవచ్చు, కానీ కొన్ని మొబైల్ నెట్‌వర్కుల ఐపీ శ్రేణులు వికీలో నిరోధంలో (బ్లాక్) ఉంటాయి. పెద్ద కార్యక్రమమైతే ఆ రోజుకు పరిమితి సడలించమని ముందే అభ్యర్థన పెట్టొచ్చు.

ప్రశ్న: పాత సావనీర్ పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.
– సీతమ్మధార

జవాబు: అది అను ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ అయి ఉంటుంది, అన్ని చోట్లా చదవగలిగే యూనికోడ్ కాదు. పేజీని బొమ్మగా సేవ్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మ కింద తెలుగు పాఠం వస్తుంది. ఒత్తులు, అంకెలు తప్పుతుంటాయి. సంవత్సరాలను మాత్రం అసలు పేజీతో తప్పకుండా సరిచూసుకోండి.

ప్రశ్న: మా ఊరి తప్పెటగుళ్ల గురువు గురించి ఎక్కడా ఒక్క ముక్క అచ్చులో లేదు. ఏం చేయాలి?
– భీమిలి

జవాబు: ఆయన పేరుతో పేజీ ఇప్పుడు నిలవదు. ముందు కళారూపం పేజీని బలపరచండి: వేషం, వాయిద్యం, అడుగుల పేర్లు, ఏయే మండలాల్లో ఆడతారు, వీటికి జానపద కళల పుస్తకాల్లో మూలాలు దొరుకుతాయి. ప్రదర్శనను వెలుతురున్నప్పుడు మీరే ఫొటోలు తీసి, గురువు సరేనంటే ఆయన పేరు వివరణలో రాసి కామన్స్‌లో పెట్టండి. ఏటికొప్పాక బొమ్మల పేజీకీ ఇదే దారి. 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ), అంకుడు కర్ర, లక్క రంగు గురించి అచ్చులో ఉంది, వాటితో మొదలుపెట్టవచ్చు. ఈలోగా మీ ఊరికొచ్చే విలేకరిని ఆ గురువుగారి దగ్గరికి తీసుకెళ్లండి. వివరంగా ఒక కథనం వస్తే తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాసి పెట్టుకోండి.