కార్డులున్నాయి కదా, ఎమర్జెన్సీ ఫండ్ ఎందుకు అంటారా?

మధురవాడ నుంచి ఒకాయన రాశారు. వయసు 34, రుషికొండ వైపు ఐటీ ఉద్యోగం, చేతికి 72 వేలు వస్తాయి, ఇంట్లో భార్య, ఐదేళ్ళ పాప, గాజువాకలో అమ్మానాన్న. హాబీ స్పోర్ట్స్ కార్డులు, అంటే ఆటగాళ్ళ ఫోటోలతో కంపెనీలు ప్యాకెట్లలో అమ్మే కార్డులు, ఎక్కువగా ఫుట్‌బాల్, ఎఫ్1, కొంచెం బాస్కెట్‌బాల్. కలెక్షన్ విలువ ఆయన లెక్కలో ఆరు లక్షలు. ఇప్పుడు 2004-05 మెగా క్రాక్స్ సెట్‌లోని మెస్సీ రూకీ (ఆటగాడి మొదటి ఏడాది కార్డు), గ్రేడెడ్‌ది అంటే కండిషన్ చూసి మార్కు వేసినది, నాలుగు లక్షలకి ఎవరో ఇస్తానంటున్నారట. భార్య బంగారం మీద గోల్డ్ లోన్ పెట్టి కొనేసి వరల్డ్ కప్ టైంకి అమ్మేస్తే ఎలా ఉంటుందండీ అని అడిగారు.

వద్దు.

ఒక్క మాటలో తేలిపోయేదానికి ఇంత పెద్ద జవాబు ఎందుకంటే, మధ్యలో ఆయన రాసిన ఒక లైన్ వల్ల. "సేవింగ్స్‌లో 22 వేలే ఉన్నాయి గానీ భయం లేదండి, కష్టమొస్తే కార్డులు అమ్ముకుంటాను." ఈ మాట నాకు వారానికి ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, కార్డుల బదులు భోగాపురం దగ్గర స్థలం అంటారు, క్రిప్టో అంటారు, అంతే తేడా.

మాస్టారూ, ఆరు లక్షలు అన్నారు కదా, అది ఎవరి రేటు? అమెరికాలో ఈబే కాంప్స్, అంటే అలాంటి కార్డులు ఈమధ్య అమ్ముడుపోయిన రేట్లు, చూసి డాలర్లని రూపాయల్లోకి మార్చుకున్న రేటు. అమ్మేది మాత్రం మీరు విశాఖలో కూర్చుని. ఇక్కడ కొనేవాళ్ళు ఎంతమంది, హైదరాబాద్ బెంగళూరు ముంబై కలిపినా వాట్సాప్ గ్రూపుల్లో అవే పేర్లు, వాళ్ళు కాంప్స్‌కి తగ్గించే అడుగుతారు. అమెరికా పంపి అమ్మిద్దామంటే షిప్పింగ్, అక్కడి కమిషన్, వేలంలో మీ నంబర్ వచ్చేదాకా వెయిటింగ్. మీ నాన్నగారికి రాత్రి పదకొండింటికి గుండెనొప్పి వస్తే హాస్పిటల్ కౌంటర్లో అడ్వాన్స్ కట్టమంటారు, అక్కడ పీఎస్‌ఏ (కార్డులకి గ్రేడ్ ఇచ్చే అమెరికా కంపెనీ) 10 ఇచ్చి ప్లాస్టిక్‌లో సీల్ చేసిన స్లాబ్ తీసి చూపిస్తారా?

ఇంకో సంగతి, ఇది కార్డుల వాళ్ళు అస్సలు ఒప్పుకోరు. మీకు డబ్బు అవసరమయ్యే రోజూ కార్డుల రేటు పడే రోజూ చాలాసార్లు ఒకటే అవుతాయి. లేఆఫ్‌లు వస్తే మీ ఒక్కరి ఉద్యోగమే పోదు, ఆ గ్రూపులో కొనేవాళ్ళూ మీలాంటి ఐటీ వాళ్ళే కదా. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు జోర్డన్ రూకీ, గ్రేడ్ 10ది, 2021 జనవరిలో 7,38,000 డాలర్లు పలికింది, తర్వాతి ఏడాదికల్లా అదే గ్రేడ్‌ది సుమారు 2 లక్షల డాలర్లకి దిగిపోయింది. జోర్డన్ ఏమైనా చెత్తగా ఆడటం మొదలెట్టాడా? ఆయన రిటైరై ఎన్నేళ్ళయింది! కోవిడ్‌లో ఇంట్లో కూర్చున్న జనం ఎగబడ్డారు, తర్వాత వెళ్ళిపోయారు, అంతే. ఆ ఎగబడటంలోనే పీఎస్‌ఏకి కార్డులు వచ్చి పడి చాలా సర్వీసులకి కొత్తవి తీసుకోవడమే కొన్నాళ్ళు ఆపేశారు, అంటే అమ్మడానికి ముందు గ్రేడ్ చేయిద్దామనుకున్నవాళ్ళు కూడా ఇరుక్కుపోయారు.

పాత కార్డులకి అంత రేటు ఎందుకొచ్చిందో మీకు తెలుసు, అయినా మర్చిపోయినట్టున్నారు. 1952లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లకి పోయింది అని మీరే రాశారు. ఆ సెట్‌లో అమ్ముడుపోని పెట్టెల్ని 1960లో తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పడేశామని దాన్ని తయారుచేసిన సై బెర్గరే చెప్పేవాడు, మిగతావి పిల్లలు ఆడుకుని చింపేశారు. ఎవరూ దాచలేదు కాబట్టే దానికి రేటు. 80ల చివర్లో ఈ రేట్లు చూసి అమెరికాలో అందరూ దాచడం మొదలెట్టారు, కంపెనీలు కుప్పలుగా ప్రింట్ చేశాయి, ఆ బాక్సులు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి, జంక్ వాక్స్ అని పేరు కూడా పెట్టారు. మన దగ్గర స్కూల్లో ట్రంప్ కార్డులు ఆడినవాళ్ళం ఎవరం స్లీవ్‌లో పెట్టాం చెప్పండి, మూలలు నలిగిపోయేదాకా ఆడాం. (అదే బాగుండేదనుకోండి.) ఇప్పుడు టాప్స్‌ని 2022లో ఫెనాటిక్స్ అనే అమెరికా కంపెనీ కొనేసింది, లైసెన్సులన్నీ ఒక్క చోటికి చేరుతున్నాయి, రేపు ఎన్ని పేరలల్స్ (అదే కార్డుకి రంగు, డిజైన్ మార్చిన వెర్షన్లు) వదలాలో వాళ్ళిష్టం. డిజిటల్ కార్డుల సంగతి అడగకండి, లాభం మీద 30 శాతం టాక్స్, నష్టం వస్తే దేనితోనూ సర్దుకోలేరు.

ఆ మాంటిల్ కార్డు అమ్మినాయన దాన్ని 1991లో 50 వేల డాలర్లకి కొన్నాడు. ముప్పై ఏళ్ళు ఆగాడు. ఆగగలిగాడు ఎందుకు, ఆ డబ్బు ఆయనకి కరెంట్ బిల్లుకి అక్కర్లేదు కాబట్టి. మీరు గోల్డ్ లోన్ పెట్టి కొంటే పది శాతం వేసుకున్నా ఏడాదికి 40 వేలు వడ్డీ, వరల్డ్ కప్ వస్తోందని ప్రపంచంలో అందరికీ తెలుసు కాబట్టి ఆ ఆశ రేటులో ఇప్పటికే కలిసి ఉంటుంది, మెస్సీ మోకాలు నొప్పెడితే మీ ఆవిడ గాజులు వేలంలోకి వెళ్తాయి. ఆవిడకి ఈ ప్లాన్ చెప్పారా? ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

అసలు కోపం ఇక్కడొచ్చింది. క్రెడిట్ కార్డులో 38 వేలు బాకీ పెట్టి మినిమం డ్యూ కడుతున్నారు, బ్రేక్స్‌లో, అంటే ఎవరో లైవ్‌లో బాక్సులు చింపుతుంటే అందులో వాటాలు పంచుకునే చోట, స్పాట్లు కొన్న డబ్బట అది. నెలకి మూడున్నర శాతం, అంటే 1,330 రూపాయలు, పైన జీఎస్టీ. దాని మీద పర్సనల్ లోన్ ఈఎంఐ 8,500, అదీ బాక్సుల కోసమే. అప్పు చేసి ప్యాకెట్ చింపడాన్ని హాబీ అనరు.

చెయ్యాల్సింది ఇదీ. మీ ఇంటి ఖర్చు 45 వేలు, ఈఎంఐతో కలిపి 53,500, ఆరు నెలలకి 3.2 లక్షలు కావాలి. మీకు నిజంగా ఇష్టమైన కార్డులు పక్కన పెట్టుకోండి, మిగతా డూప్లికేట్లు, రా కార్డులు (గ్రేడ్ చేయించనివి) ఈ నెలలోనే అమ్మేయండి, తొందరేం లేనప్పుడే కాస్త మంచి రేటొస్తుంది. లక్ష వచ్చిందనుకుందాం, 38 వేలు క్రెడిట్ కార్డుకి, 62 వేలు ఫండ్‌లోకి. కొత్త కార్డులు ఆపేస్తే నెలకి 18,500 మిగులుతుంది, సేవింగ్స్‌లో ఉన్న 22 వేలు కూడా కలిపితే పదమూడు నెలల్లో ఫండ్ నిండుతుంది. సగం సేవింగ్స్‌లో, సగం స్వీప్ ఎఫ్‌డీలో, ఇంట్లో కొంచెం క్యాష్. 2014 అక్టోబర్లో హుదుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంట్ లేదు, ఏటీఎంలు లేవు, పాల ప్యాకెట్‌కి కూడా నోట్లే అడిగారు, మన ఊళ్ళో ఉండి దీన్ని మర్చిపోతే ఎలా.

కంపెనీ ఇచ్చే హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతది ఒకటి తీసుకోండి. సిప్ గురించి కూడా అడిగారు, ఫండ్ నిండాక చూద్దాం.

తర్వాత నెలకి రెండు వేలు కార్డులకి పెట్టుకుంటే నేను అడ్డు చెప్పను. కానీ బంగారం తాకట్టు పెట్టక ముందే ఈ జవాబు మీ ఆవిడకి చూపించి, ఆవిడ ఏమన్నారో నాకు రాయండి.